గడియారం గంట జరిగినప్పుడు పాలు పితికే వేళను ఎలా సర్దుకోవాలి

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటలు కాగానే గడియారం 3కు దూకుతుంది. నవంబరు మొదటి ఆదివారం అదే 2 గంటలకు వెనక్కి మళ్లి 1 చూపిస్తుంది. 2026లో ఈ రెండు రోజులు మార్చి 8, నవంబరు 1. ఫోన్లు వాటంతట అవే సర్దుకుంటాయి. ఆఫీసులకు వెళ్లేవారు రెండు మూడు రోజులు నిద్ర చాలక ఇబ్బందిపడి ఆ తర్వాత మరిచిపోతారు. పాడి ఆవుల కొట్టంలో మాత్రం ఆ గంట అంత తేలికగా కలిసిపోదు. పొదుగులో పాలు ఊరడం రాత్రీ పగలూ ఆగకుండా సాగే పని. దానికి ఆదివారం తెలియదు, ప్రభుత్వం చేసిన చట్టం తెలియదు.

గేదెను పెంచిన ఇంట్లో పుట్టినవారికి ఈ మాట కొత్త కాదు. పితికే వేళ దాటితే గేదె కట్టుకొయ్య చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. పితికే చేయి మారితే చేపదు. రెండు పూటల మధ్య ఎడం పెరిగితే పాలు ఎక్కువ వచ్చినా వెన్న శాతం తగ్గుతుంది, ఎడం తగ్గితే పాలు తగ్గి వెన్న పెరుగుతుంది. పాల కేంద్రంలో చీటీ చూసుకునే ప్రతి రైతుకూ ఇది అనుభవమే. విస్కాన్సిన్‌లో 500 హోల్‌స్టీన్ జాతి ఆవులున్న కొట్టంలోనూ జరిగేది అదే, ఎటొచ్చీ అక్కడ తప్పు ఒకేసారి 500 పొదుగుల మీద పడుతుంది. మన పశువైద్య కళాశాలల్లో చదివి అలాంటి పాడి క్షేత్రాల్లో చేరినవారికి, చేరబోయేవారికి పనికొస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

ఈ పని మొత్తానికి ఒకే కొలత పెట్టుకోండి. గడియారంలో ఎంతైందన్నది తర్వాత సంగతి. ముందు అడగవలసింది, ఈ ఆవును పితికి ఎన్ని గంటలైంది అని.

మార్చి వేరు, నవంబరు వేరు

చాలామంది రెండింటినీ ఒకే గాటన కట్టి చూస్తారు. అది సరికాదు. రోజూ ఉదయం 5కు, సాయంత్రం 5కు పితికే కొట్టాన్ని తీసుకోండి. మార్చిలో కొత్త గడియారం ప్రకారం ఆదివారం ఉదయం 5కు పితికితే, ఆవు లెక్కలో అది 4 గంటలే. శనివారం సాయంత్రం నుంచి 11 గంటల ఎడమే వస్తుంది. పొదుగు పూర్తిగా నిండదు, కొన్ని ఆవులు ఆలస్యంగా చేపుతాయి, ఆ పూట పాలు కొంచెం తగ్గుతాయి. ఆవుకు పెద్దగా హాని లేదు. కష్టం మనుషులది. చలి వదలని మార్చి చీకట్లో ఒక గంట నిద్ర పోగొట్టుకుని పనిలోకి దిగుతారు.

నవంబరులో కొత్త గడియారం 5 కొట్టేసరికి ఆవు లెక్కలో 6 అవుతుంది. ఎడం 13 గంటలు. రోజుకు 40 లీటర్లు ఇచ్చే ఆవుకు ఆ అదనపు గంట బరువే. పొదుగులో ఒత్తిడి పెరుగుతుంది, చన్నుల నుంచి పాలు కారతాయి. కారుతున్న చన్ను అంటే తెరుచుకున్న ద్వారం. అందులోంచి సూక్ష్మజీవులు లోపలికి చేరితే పొదుగువాపు వస్తుంది. నేను పనిచేసిన కొట్టంలో మొదటి ఏడాది నవంబరులో మేము ఏ ఏర్పాటూ చేసుకోలేదు. ఆ ఆదివారం వెళ్లేసరికి ఆవులు గేటు దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటూ అరుస్తున్నాయి. పడుకున్న వాటి కింద పాలు మడుగు కట్టి ఉన్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నన్ను వదలలేదు. అందుకే నవంబరు విషయంలో ఎక్కువ జాగ్రత్త పడమని గట్టిగా చెబుతాను.

అసలు మార్చాలా వద్దా

తేదీకి రెండు వారాల ముందే పాల ట్యాంకర్ పంపే వారికి ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: గడియారం మారాక ట్యాంకర్ ఏ వేళకు వస్తుంది? మీ నిర్ణయమంతా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ట్యాంకర్ మధ్యాహ్నం వస్తుందనుకోండి, లేదా గంట అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకోండి. అప్పుడు ఆవుల వేళను కదిలించకండి. ఎండాకాలం గడియారంలో 6కు, చలికాలం గడియారంలో 5కు పితకండి. ఆవుకు అవి రెండూ ఒకే వేళ. మనుషులకు మాత్రమే పని వేళ మారుతుంది, దానికి వాళ్లను ముందే అడిగి ఒప్పించాలి. పిల్లలను బడి బస్సు ఎక్కించవలసినవారు, వేరే చోట రెండో ఉద్యోగం చేసేవారు ఉంటే ఇది కుదరకపోవచ్చు. కుదిరితే ఇంతకన్నా మంచి దారి లేదని నా నమ్మకం.

ట్యాంకర్ ఉదయాన్నే వచ్చే చోట ఈ వీలు ఉండదు. ఇక్కడ పాలు చల్లబడే లెక్క కూడా చూసుకోవాలి. అమెరికాలో గ్రేడ్ ఏ పాల (తాగడానికి అమ్మే పాల) నియమం ప్రకారం మొదటి పూట పితకడం మొదలైన 4 గంటల్లోగా ట్యాంకులో పాలు 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగాలి, పితకడం పూర్తయిన 2 గంటల్లోగా 7 డిగ్రీలకు రావాలి. మార్చిలో ఆవుల వేళ కదపకుండా ఉండి, ట్యాంకర్ కొత్త గడియారంతో ఒక గంట ముందే వచ్చి నిలబడితే, పాలు ఇంకా వెచ్చగా ఉంటాయి. డ్రైవర్ ఉష్ణోగ్రత చూసి పాలు ఎత్తనంటే తప్పు అతనిది కాదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఈ గడియారం మార్పు రైతుల కోసమే తెచ్చారని అమెరికాలో కూడా చాలామంది అనుకుంటారు. నిజం దానికి పూర్తిగా వ్యతిరేకం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఇంధనం ఆదా అవుతుందని 1918లో అక్కడ దీన్ని చట్టం చేశారు. రైతులు గట్టిగా ఎదిరించారు. మంచు ఆరితే తప్ప గడ్డి కోయలేరు, మంచు ఆరేది ఎండకు, గడియారానికి కాదు. పాలు తీసుకెళ్లే రైలు మాత్రం పట్నం గడియారంతో వెళ్లిపోయేది. 1919లో అధ్యక్షుడు విల్సన్ వీటోను కూడా తోసిపుచ్చి అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఆ నియమాన్ని రద్దు చేసింది. 1966 చట్టంతో దేశమంతటా ఒకే పద్ధతిగా మళ్లీ స్థిరపడింది. అరిజోనాలో నవాహో ఆదివాసుల ప్రాంతం తప్ప మిగతా చోట్ల, హవాయిలో ఇప్పటికీ గడియారం మార్చరు. రైలు పోయి ట్యాంకర్ వచ్చింది, చిక్కు మాత్రం అదే.

మార్చిలో చేయవలసినది

ఆదివారానికి ముందు గురువారం నుంచి మొదలుపెట్టండి. రోజుకు 15 నిమిషాలు ముందుకు జరపండి. గురువారం ఉదయం 4:45, శుక్రవారం 4:30, శనివారం 4:15. ఆదివారం పాత లెక్కలో 4 గంటలు, అంటే కొత్త గడియారంలో సరిగ్గా 5. సాయంత్రం పూటను కూడా అదే కొలతతో జరపండి. ఇలా చేస్తే పగటి ఎడం 12 గంటలు అలాగే ఉంటుంది, రాత్రి ఎడం ఒక్కటే 11 గంటల 45 నిమిషాలు అవుతుంది. ఆవు దీన్ని గుర్తించను కూడా గుర్తించదు.

పనివారికి ఇలా చెప్పండి: ఈ నాలుగు రోజులూ రాత్రి పావుగంట ముందు పడుకోండి. ఆదివారం ఉదయం విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో సూర్యోదయం సుమారు 7:20కి. అంతకుముందు రోజు కన్నా, గడియారం ప్రకారం, చీకటి గంటసేపు ఎక్కువ ఉంటుంది. దూడల పాకల దగ్గర, దాణా బండి తిరిగే దారిలో దీపాలు వెలుగుతున్నాయో లేదో శనివారమే చూసుకోండి.

నవంబరులో చేయవలసినది

ఇక్కడ నా సలహా వేరు. మార్పును ఆదివారానికి ముందు కాక, ఆదివారం నుంచి మొదలుపెట్టండి. శనివారం వరకు యథాప్రకారం ఉదయం 5, సాయంత్రం 5. ఆదివారం కొత్త గడియారంలో 4:15కు పితకండి, ఆవు లెక్కలో అది 5:15. సోమవారం 4:30, మంగళవారం 4:45, బుధవారానికి 5. సాయంత్రాలు కూడా అలాగే. ముందే జరిపితే వారాంతంలో ట్యాంకర్ వేళకు పాలు చల్లబడకపోయే ప్రమాదం ఉంది. తర్వాత జరిపితే ఆ గొడవ లేదు. పైగా మనుషుల శరీరాలు కూడా ఇంకా పాత వేళలోనే ఉంటాయి కాబట్టి కొత్త గడియారంలో 4:15కు లేవడం వాళ్లకు కష్టంగా ఉండదు.

ఆ నాలుగు రోజుల్లో ఏ గుంపును ముందు పితకాలో ఆలోచించండి. కొత్తగా ఈనినవి, ఎక్కువ పాలిచ్చేవి మొదట పార్లర్‌లోకి, అంటే పితికే గదిలోకి, రావాలి. పాలు తగ్గుముఖం పట్టిన చూడి ఆవులు చివర రావచ్చు. ఎడం పెరిగినా వాటికి ఇబ్బంది తక్కువ. తొలిచూలు పడ్డలను వీలైనంత వరకు ఒకే మనిషి చేత పితికించండి. వేళా మారి, మనిషీ మారితే అవి చేపడానికి మొండికేస్తాయి. బెదిరిన ఆవులో ఎడ్రినలిన్ పెరిగి, పాలను కిందికి దించే ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుంది. కేకలు, కర్రలు ఈ వారం అసలే వద్దు.

పితికే ముందు చన్నుకు మూడు నాలుగు ధారలు తీసి చూసే అలవాటు ఎలాగూ ఉంటుంది. ఆ వారం రోజులు మరింత శ్రద్ధగా చూడండి. గడ్డలు, నీళ్ల పాలు కనిపిస్తే వెంటనే ఆ ఆవును పక్కకు తీయండి.

మేతను, దీపాలను మరిచిపోకండి

పితకడం పూర్తయ్యాక చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ సమయంలో ఆవు నిలబడి ఉండాలి. నిలబడాలంటే ఎదురుగా తాజా మేత ఉండాలి. అందుకే పితికే వేళను 15 నిమిషాలు జరిపిన ప్రతి రోజూ దాణా బండి కూడా 15 నిమిషాలు జరగాలి. పితికేవారు ఒకరు, మేత వేసేవారు ఒకరు అయిన కొట్టాల్లో ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది. ఆవులు తిరిగొచ్చేసరికి గాడి ఖాళీగా ఉంటుంది, అవి వెళ్లి పడుకుంటాయి, తెరుచుకున్న చన్నులు పేడ అంటిన పరుపును తాకుతాయి. గడియారం మారిన పది రోజులకు పొదుగువాపు కేసులు పెరిగితే పితికే యంత్రాన్ని అనుమానించే ముందు గాడి వైపు చూడండి.

దీపాల సంగతి చాలామంది పట్టించుకోరు. పాలిచ్చే ఆవుకు 16 గంటల వెలుగు, 8 గంటల చీకటి ఇస్తే రోజుకు సుమారు 2 కిలోల పాలు పెరుగుతాయని చాలాకాలంగా రుజువైన సంగతి. అందుకే పెద్ద కొట్టాల్లో దీపాలు టైమర్‌తో నడుస్తాయి. వట్టిపోయిన ఆవులకు దీనికి తలకిందులుగా, 8 గంటల వెలుగు మాత్రమే ఇస్తారు. ఆ టైమర్లకు చాలావాటికి గడియారం మార్పు తెలియదు. పితికే వేళ జరిగి, దీపం వేళ జరగకపోతే చీకట్లో పడుకున్న ఆవులను లేపి తోలవలసి వస్తుంది. టైమర్‌ను కూడా రోజుకు 15 నిమిషాల చొప్పున మార్చండి. వట్టి ఆవుల టైమర్ వేరే గోడ మీద ఉంటుంది, అది కూడా చూడండి.

దూడలకు పాలు పట్టే వేళను కూడా పితికే వేళతో పాటే జరపండి. యంత్రం ద్వారా పాలు పట్టే చోట ఆ యంత్రం గడియారం సరిచూడండి.

మందు పెట్టిన ఆవుల లెక్క గంటల్లో వేయండి

ఈ ఒక్క భాగాన్ని గోడకు అంటించుకున్నా నాకు సంతోషం. యాంటీబయాటిక్ ఇచ్చిన ఆవు పాలను ఎన్ని గంటలు ట్యాంకులో కలపకూడదో మందు చీటీ మీద రాసి ఉంటుంది. ఆ గంటలు నిజమైన గంటలు. 72 గంటలు అని ఉన్న మందును మార్చిలో గురువారం ఉదయం 4:45కు చివరిసారి ఇచ్చారనుకోండి. మూడు రోజులైంది కదా అని ఆదివారం ఉదయం 5కు పాలు ట్యాంకులోకి వదిలితే గడిచినవి 71 గంటల 15 నిమిషాలే. గడువు తీరేది కొత్త గడియారంలో 5:45కు. వేళను ఎంత నెమ్మదిగా మార్చినా ఈ లోటు అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ వారంలో నిజంగానే ఒక గంట తగ్గింది. ఆ పూట పాలను పక్కకు తీయండి, సాయంత్రం నుంచి కలపండి.

అమెరికాలో పాల కర్మాగారం గేటు దగ్గర ప్రతి ట్యాంకర్‌నూ యాంటీబయాటిక్ కోసం పరీక్షిస్తారు. దొరికితే ఒక ఆవు పాలు పారబోయడంతో పోదు, ట్యాంకర్ మొత్తం పారబోస్తారు, ఆ నష్టం ఎవరి పాల వల్ల వచ్చిందో ఆ రైతు మీదే పడుతుంది. ఆ పాలు తాగబోయే పిల్లల సంగతి అంతకన్నా ముఖ్యం. మందు పెట్టిన ఆవుల బోర్డు మీద గడువు తీరే రోజుతో పాటు గంటను కూడా, కొత్త గడియారం ప్రకారం, శుక్రవారమే తిరగరాయండి. వేళకు లెక్కగట్టి ఎద ఇంజెక్షన్లు ఇచ్చి కృత్రిమ గర్భధారణ చేసేవారికి కూడా ఇదే మాట. చివరి ఇంజెక్షన్ తర్వాత 16 గంటలంటే 16 గంటలే. ఆ లెక్క గడియారం మారే శనివారం రాత్రి మీదుగా పోకుండా పథకం వేసుకోండి.

రాత్రి షిఫ్టు, కూలి, రికార్డులు

మూడు పూటలు పితికే పెద్ద కొట్టాల్లో పార్లర్ రోజంతా దాదాపు ఆగకుండా నడుస్తుంది. అక్కడ పావుగంటల లెక్క సాగదు. రాత్రి షిఫ్టును గడియారంతో ముగించకుండా, చివరి గుంపును పితకడంతో ముగించండి. మార్చిలో 8 గంటల రాత్రి షిఫ్టు నిజానికి 7 గంటలే అవుతుంది. గడియారం చూసి మనుషులు వెళ్లిపోతే ఒక గుంపు మిగిలిపోతుంది. నవంబరులో అదే షిఫ్టు 9 గంటలు. గంటల లెక్కన పనిచేసే మనిషికి ఆ తొమ్మిదో గంట కూలి ఇచ్చి తీరాలి. ఆ రాత్రి దొరికే అదనపు గంటలో పార్లర్‌ను తీరిగ్గా కడగవచ్చు, చన్నులకు తొడిగే రబ్బరు లైనర్లు అరిగితే మార్చవచ్చు.

విస్కాన్సిన్ కొట్టాల్లో పనిచేసేవారిలో చాలామంది మెక్సికో నుంచి వచ్చినవారు. మెక్సికో దేశంలో చాలాభాగం 2022లో ఈ గడియారం మార్పును మానేసింది. అక్కడి నుంచి కొత్తగా వచ్చినవారికి ఇది గుర్తుండకపోవచ్చు, కాబట్టి నోటీసు స్పానిష్‌లో కూడా పెట్టండి, నోటితో కూడా చెప్పండి. మనవాళ్లకైతే ఈ మార్పు అసలే కొత్త. యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 వరకు, మన దేశంలోనూ గడియారాలు గంట ముందుకు జరిపారు, ఇప్పుడు మాత్రం ఆ పద్ధతి లేదు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలు దాటి కొద్దిగా. మాడిసన్‌లో అది ఆరు గంటలు దాటుతుంది. ఈ ఏర్పాటు మనకు అక్కరలేకపోవడానికి పెద్ద కారణం అదే.

రికార్డుల్లో రెండు విషయాలు చూడండి. మార్చి ఆదివారానికి 23 గంటలే, నవంబరు ఆదివారానికి 25 గంటలు. ఆ రోజు మొత్తం పాలు తగ్గినా పెరిగినా కంగారు పడి మేత మార్చకండి. నవంబరు రాత్రి 1 నుంచి 2 వరకు గడియారంలో రెండుసార్లు వస్తుంది. పార్లర్ కంప్యూటర్ ఒకటి మారి, పితికే యూనిట్ల గడియారం మారకపోతే ఒకే ఆవు పాలు రెండుసార్లు నమోదు కావచ్చు, లేదా అసలు నమోదు కాకపోవచ్చు. ఆ గంటలో పితికిన ఆవుల నంబర్లు పుస్తకంలో చేత్తో రాసుకోండి. నెలవారీ పాల పరీక్షను ఆ వారం పెట్టుకోకండి. ఎడం మారితే వెన్న శాతం మారుతుందని మొదట్లోనే చెప్పాను.

పితికే రోబోలున్న చోట ఈ గొడవ చాలావరకు లేదు. ఆవు తనకు తోచినప్పుడు వచ్చి పితికించుకుంటుంది. వేళకు రానివాటిని వెతికి తోలుకొచ్చే మనిషి, మేత బండి మాత్రం ఒకే తీరుగా జరగాలి.

న్యూజిలాండ్‌లో ఉన్నవారికి తేదీలు తలకిందులు. అక్కడ గడియారం సెప్టెంబరు చివరి ఆదివారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. ఎక్కువ ఆవులు జులై నుంచి సెప్టెంబరు మధ్య ఈనుతాయి కాబట్టి సెప్టెంబరు మార్పు సరిగ్గా పాలు పొంగే రోజుల్లో వస్తుంది. అప్పుడప్పుడే తెల్లవారుతున్న పచ్చిక దారి మళ్లీ చీకటవుతుంది. ఆవులను తోలుకొచ్చే బైకు దీపం సరిచూసుకోండి, వాటిని తొందరపెట్టకండి. చీకట్లో రాళ్ల దారిన తరిమితే గిట్టలు దెబ్బతింటాయి. ఏప్రిల్ నాటికి పాలు తగ్గి ఉంటాయి కాబట్టి ఎడం పెరిగినా అంత భారం కాదు. రోజుకు ఒకే పూట పితికే మందల్లో 24 గంటలు 25 అయినా పెద్ద తేడా రాదు.

మార్పు పూర్తయిన వారం తర్వాత, పాలలో పొదుగువాపును పసిగట్టించే సోమాటిక్ కణాల లెక్కను అంతకుముందు వారంతో పోల్చి చూడండి. పెరిగితే ఏ గుంపులో పెరిగిందో, ఆ గుంపును ఆ నాలుగు రోజులూ ఎన్నో వంతున పితికారో రాసి పెట్టుకోండి. వచ్చే మార్పుకు గుంపుల వరుస నిర్ణయించేటప్పుడు ఆ కాగితమే కావాలి.